జోడు సుడి

ఎద్దును కొనేటోడు కాళ్ళు సూస్తాడు, పండ్లు సూస్తాడు, రెండడుగులు నడిపించి సూస్తాడు. నేను సుడి సూస్తా. పుంగనూరు సంతలో ముప్పై ఏండ్లుగా నా పని అదే. గొడ్డు ఒంటి మీద వెంట్రుక గుండ్రంగా తిరుక్కున్న తావే సుడి. అది నుదుటి మీద పడిందా, మూపు మీద పడిందా, కంటి కింద పడిందా సూసి, ఆ గొడ్డు ఇంటికి అచ్చొస్తాదో రాదో సెప్తా. ఆదెప్ప సెయ్యి పెట్టి సూసినాడా అని అడిగినాకనే శానామంది పగ్గం పట్టుకుంటారు. గొప్పలు సెప్పుకుంటాండానని అనుకుంటారేమో. సెప్పుకుంటాండా, నిజమే. నా మాట నేను సెప్పుకోకపోతే ఇంకెవురు సెప్తారు?

అట్లాంటోణ్ణి మొన్న ఎండాకాలంలో సుడుల లెక్క తప్పినా. అదీ గొడ్డు మీద కాదు, ఫోటోల మీద.

ఉగాది పోయిన వారానికి మా కీర్తన బెంగళూరు నుంచి వచ్చె. మాకు ఒకతే బిడ్డ. మదనపల్లెలో డిగ్రీ సదివి, బెంగళూరులో పరిశోధనలో సేరి అయిదేండ్లయింది. ఆ తూరి సంచిలో గుడ్డలు తక్కువ, కాగితాలు ఎక్కువ తెచ్చింది. సంగటి తిన్నాక సాప మీద ఒగో ఫోటో పరిచింది. అన్నీ ఒగటే మాదిరి. బూడిద రంగులో గుండ్రంగా ఒగ బిళ్ళ, దాంట్లో నల్లసుక్కలు.

"ఇదేంది మే, దోసెలు ఫోటో తీసినావు," అంటిని.

వాళ్ళమ్మ చౌడమ్మ అంగన్వాడీలో ఆయా. పిల్లోళ్ళకు ఇచ్చే కోడిగుడ్లు పెట్టెలో సర్దుకుంటా, "అయిదేండ్లు సదివి దోసెలు పోస్తాందంట," అనె.

కీర్తన నవ్వలా. "నాయనా, ఉప్పులో సోడియం ఉంటాది కదా, దాన్ని ఆవిరి చేస్తాం. గాలి కూడా లేని గాజుగదిలో, ఏ గోడకూ తగలకుండా లైట్లతో పట్టి నిలబెడ్తాం. ఆడ్నించి సల్లార్చుకుంటా పోతాం. మంచు కాదు, లోకంలో మనకు తెలిసినంతలో యాడా లేనంత సల్లగా. అంత సల్లబడినాక ఆ ఆవిరిలో పరమాణువులు ఎవురి దోవన వాళ్ళు పోవు. అన్నీ కలిసి ఒకటే నడక నడుస్తాయి."

"మంద మాదిరి."

"ఊ. నిదానంగా సల్లారిస్తే మందంతా ఒక దిక్కుకు తిరుక్కుంటాది. బిరిక్కిన సల్లార్చినామనుకో, ఈ మూల ఉండేది ఒక దిక్కుకు, ఆ మూల ఉండేది ఇంకో దిక్కుకు తిరుక్కుంటాయి. ఒకదాన్నొకటి అడిగి తెలుసుకునే టయిం ఉండదు. అవి కలిసే కాడ సుడి పడతాది. ఆవిరి గుండ్రంగా తిరుగుతాది, మద్దెలో ఖాళీ. ఈ నల్లసుక్కలు ఆ ఖాళీలే."

"సరిచేస్తే పోదా?"

"పోదు. అంచు దాకా జరిగి బయటికన్నా పోవల్ల, ఎదురు తిరిగే సుడి వచ్చి తగిలి రెండూ కలిసన్నా అణగల్ల. సగం సుడి, పావు సుడి అని ఉండవు. ఉంటే నిండుగా ఉంటాది."

నాకు కడుపు నిండినట్టయింది. దూడను ఎంత దువ్వినా సుడి యాడికీ పోదని మా తాత మా నాయనకు సెప్పినాడు, మా నాయన నాకు సెప్పినాడు. ఇప్పుడు నా బిడ్డ అదే మాట గాజుగదిలో నుంచి తెచ్చింది. "ఇది తెలుసుకోను బెంగళూరు దాకా యాల పోతివి," అంటిని, కుశాలగా.

"అందుకే నీ కాడికి వచ్చినా," అనె కీర్తన.

సంగతి ఏమంటే, బిరిక్కిన సల్లార్చే కొద్దీ సుడులు ఎట్లా పెరుగుతాయో లెక్క తీసి పాప ఒగ పెద్ద సైన్సు పత్రికకు పంపింది. కంప్యూటరు సుడులు లెక్క పెట్టింది. పత్రికోళ్ళు సూసి, కంప్యూటరుకు సుడి అంటే ఏందో నేర్పింది మీరే, మీకు ఏ జవాబు రావల్లనో మీకు ముందే తెలుసు, ఈ పని తెలియనోళ్ళ చేత కండ్లతో లెక్క పెట్టించి తెండి అని రాసినారు. జూన్ ఆఖరు దాకా గడువు. జూలైతో పాప స్కాలర్‌షిప్పు నిలిచిపోతాది. ఆ పత్రికలో పడితేనే డాక్టరేటు.

"లేకపోతే?" అని చౌడమ్మ అడిగింది.

"అయిదేండ్లూ మన్నే, అమా."

లెక్క పెట్టేది ఇద్దరు. ఒకరు నేను. రెండోది మదనపల్లెలో డ్రాయింగు టీచరమ్మ, రాజేశ్వరి అని. మేమిద్దరం మాట్లాడుకోకూడదు. ఏ ఫోటో నిదానంగా సల్లార్చింది, ఏది బిరిక్కిన సల్లార్చింది, మాకు సెప్పరు. మూడువందల అరవై ఫోటోలు, వరస కలిపేసి, వెనకాల నంబరు మాత్రం ఏసి ఇస్తారు. గొడ్ల దళారి అంటే నీకు పని నేర్పే మీ మేడం ఒప్పుకుందా అంటే, మొదట నవ్వింది, తర్వాత ఇంతకన్నా మంచి కన్ను యాడ దొరుకుతాదని అనింది అని కీర్తన సెప్పె. ఆ మాట నేను మన్నాడు సంతలో ఎంతమందితో సెప్పినానో లెక్క లేదు.

పదిహేను దినాలు కొట్టంలో కూసున్నా. పొద్దున పూట ఆడ వెలుతురు బాగుంటాది. ఒగ సేత్తో ఫోటో, ఇంకో సేతి వేళ్ళు మడుసుకుంటా లెక్క. గొడ్డును సూసేటప్పుడు గూడా నాకు అదే అలవాటు. సూసి, నంబరు పక్కన అంకె ఏస్తాండె. చౌడమ్మ కాఫీ తెచ్చి పెట్టి, "సుడి బాగుండాదా, పాలిస్తాదా," అని ఎగతాళి సేస్తాండె. నేను ఇంకో ఫోటో అందుకుంటాండె. నా బిడ్డ పని అది, నవ్వులాట కాదు. ఆఖరున కాగితం కింద సంతకం, తేదీ ఏసి ఇచ్చినా. కీర్తన మదనపల్లెకు పోయి టీచరమ్మ కాగితం గూడా తెచ్చింది.

ఆ పొద్దు లాప్‌టాప్ ముందర కూసున్న పాప మొకం సూసి నాకు తెలిసిపోయింది.

"లెక్కలు కలవలేదు నాయనా."

"ఎవురిది తక్కువ వచ్చింది?"

"చెప్పకూడదు."

"యాల సెప్పకూడదు? నేను నీ నాయనను."

"అందుకే చెప్పకూడదు."

నాకు కోపం నషాళానికెక్కింది. ఆ టీచరమ్మకు సుడి యాడ తెలుస్తాది, బొమ్మలేసే సేతులు, కనపడిన సుక్కనంతా ఏరిపెట్టుంటాది అని అరిసినా. ముప్పై ఏండ్ల కన్ను నాది, నన్ను అనుమానిస్తావా అన్నా. పాప లాప్‌టాప్ మూసింది. "రెండు లెక్కలూ కలవలేదని రాసి పంపిస్తా. వాళ్ళు ఒద్దంటే ఒద్దనే," అనె.

"రెండింట్లో మంచిది ఏరుకోని రాయి."

"ఏరుకుంటే అది నా లెక్క అవుతాది. నా లెక్క వద్దనే కదా వాళ్ళు అడిగింది."

నేను చెప్పులేసుకోని బజారుకు పోయినా. టీ అంగట్లో నలుగురి ముందర టీచరమ్మను ఇష్టమొచ్చినట్టు అన్నా. లెక్కలు రానోళ్ళు సుడులు లెక్క పెట్టినారు, నా బిడ్డ సదువు పాడు సేసినారు అన్నా. జనం అవునవును అన్నారు. రవ్వంత సల్లబడినా.

అది మే నెల మద్దె. నాలుగు దినాలకు బైరెడ్డిపల్లె నుంచి చెంగల్రాయుడన్న ఫోన్ సేసినాడు. పుంగనూరు పొట్టి ఆవును బేరం సేసుకున్నాడంట, నా సెయ్యి పడితేనే తోలుకుంటానన్నాడంట. బస్సెక్కి పోయినా. మంచి ఆవు, తెల్లంగా ముద్దుగా ఉండాది. ఎప్పుడూ సెప్పే మాదిరే నోటితో సెప్పుకుంటా, వేళ్ళు మడుసుకుంటా సూస్తాండా. మూపు మీద ఒగటి. ఎన్నుపూస మీద ఒగటి. కంటి కింద సుడి లేదు, మంచిది. నుదుటి మీద పక్కపక్కనే రెండుండాయి. "ఇది జోడు. ఒగటి," అని వేలు మడిసినా.

వేలు ఆడే నిలిచిపాయె.

మా పనిలో అంతే. రెండు సుళ్ళ మద్దెన వేలు పట్టకపోతే అది జోడు. దానికి పేరు ఒగటే, ఫలం ఒగటే. మా తాత ఒగటే అన్నాడు, మా నాయన ఒగటే అన్నాడు. నేను అనుకోని సేసింది కాదు, వేలే అట్లా మడుసుకుంటాది. కొట్టంలో ఫోటోలు పట్టుకున్నప్పుడూ అట్లనే మడుసుకుంది. దగ్గర దగ్గరగా ఉండే సుక్కలు రెంటిని సూసినప్పుడల్లా నేను ఒగటి రాసినా. ఎన్ని ఫోటోల్లోనో, ఎన్ని తూర్లో.

"ఏమప్పా నిలబడిపోతివి? దోషమా?" అని చెంగల్రాయుడన్న అడిగె.

"గొడ్డుకు లేదన్నా. తోలుకో," అని సెప్పి, మజ్జిగ గూడా తాగకుండా వచ్చేసినా.

పలమనేరు దాకా ఒగ బస్సు, ఆడ్నించి పుంగనూరుకు ఇంకోటి. దోవ పొడుగునా ఒగటే ఆలోచన. గమ్మునుంటే ఎవురికీ తెలీదు. అబద్దం ఆడినట్టు గూడా కాదు. టీచరమ్మ తప్పు సేసిందని అందరూ నమ్మినారు, కంప్యూటరు తప్పని పత్రికోళ్ళు అనుకుంటారు, ఆదెప్ప కన్ను ఆదెప్ప కన్నుగానే ఉంటాది. పోయేది పాప పని ఒగటే. ఆ మాట మనసులోకి వచ్చినప్పుడు నా మీద నాకే అసింకమయింది. అయినా పుంగనూరులో దిగి నేరుగా ఇంటికి పోలా, అబద్దమెందుకు. టీ అంగడి కాడ నిలబడినా. అంగడాయన గ్లాసు ఇస్తా, "టీచరమ్మ లెక్క సరిచేసిందా లేదా?" అని అడిగె. గ్లాసు బల్ల మీద పెట్టేసి ఇంటికి నడిసినా.

కీర్తన కొట్టం తావ కుర్చీ ఏసుకోని రాసుకుంటాండె. ఎదురుగా నిలబడి సెప్పినా.

"మే, దగ్గరగా ఉండే రెండు సుళ్ళను నేను ఒగటిగా పట్టినా. జోడు అని. మా అలవాటు అది."

పాప పెన్ను కింద పెట్టె. "ఎన్ని ఫోటోల్లో?"

"అన్నిట్లోనూ. ఎన్నంటే సెప్పలేను."

తిడతాదేమో అనుకున్నా, తిట్టింటే బాగుండు. లేసి లోపలికి పోయి తెల్లకాగితం తెచ్చింది. "ఇప్పుడు చెప్పింది మళ్ళా ఒకసారి చెప్పు," అని, నేను సెప్పింది సెప్పినట్టు రాసి, తేదీ ఏసి, సంతకం పెట్టమనె.

"నీ నాయన మాట మీద నమ్మకం లేదా?"

"ఉండాది. అందుకే రాస్తాండా."

వాళ్ళ మేడంకు ఫోన్ సేసింది. అరగంట ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టినాక నా పక్కన వచ్చి కూసునె. నేనూ టీచరమ్మా ఇద్దరం మళ్ళా మొదటి నుంచి లెక్క పెట్టల్లంట. ఫోటోలకు కొత్త నంబర్లు, కొత్త వరస. ఈ తూరి నియమం కాగితం మీద రాసిస్తారు: ఎన్ని సుక్కలు కనపడితే అన్ని, ఒకదానికొకటి అంటుకోనున్నా రెండు రెండే. కానీ మొదటి లెక్క పత్రికోళ్ళకు పంపే రాతలో నుంచి తీసేసేది లేదు. అది యాల తప్పిందో, ఎట్లా తెలిసిందో, అంతా రాస్తారు.

"నీ పేరు పత్రికలో పడతాది నాయనా. దాని పక్కనే నీ తప్పూ పడతాది. ఒద్దంటే పేరు తీసేస్తా. తప్పు మాత్రం తీయను."

చౌడమ్మ గడప మీద నిలబడి అంతా వింటాంది. ఆవు కుడితి కోసం అరుస్తాంటే లేసి పోయినా. కుడితి పెట్టి, దాని నుదురు నిమిరి, తిరిగొచ్చినా.

"పేరు ఉండనీ," అంటిని.

మళ్ళా పదిహేడు దినాలు. ఈ తూరి వేళ్ళు మడవలా. సుడికో సింతగింజ పక్కన పెట్టుకుంటా పోయినా, నా వేలి మీద నాకే నమ్మకం లేకపాయె. కండ్లలో నీళ్ళు కారతాండె. ఒగో ఫోటో రెండు తూర్లు సూసినా. అయిపోయి, కాగితాలు రెండూ పాప సేతిలో పడినాకనే నేను మదనపల్లెకు బస్సెక్కినా. టీచరమ్మ ఇల్లు ఎతుక్కోని పోయి, వాకిట్లోనే నిలబడి, తప్పు నాదమ్మా, మిమ్మల్ని బజార్లో అనరాని మాటలన్నా అని సెప్పినా.

"నువ్వేమన్నావో ఆ వారమే నా దాకా వచ్చిందిలేప్పా," అనె రాజేశ్వరమ్మ. "మొదట కోపం వచ్చింది. తర్వాత ఇంత తెగించి అరిచేటోడు ఎప్పుడో ఒకనాడు తప్పు ఒప్పుకోను గూడా వస్తాడనుకున్నా. లోపలికి రా."

కాఫీ ఇచ్చింది. ఆమె గోడ మీద ఏసిన కోడిపుంజు బొమ్మ సూసి, ఈకలు తిరిగిన తీరు సరిగ్గా పట్టుకున్నారమ్మా అన్నా. మాట వరసకు కాదు, నిజంగానే బాగుండె. తిరిగి ఊరికొచ్చి టీ అంగట్లో అదే నలుగురికీ సెప్పినా. అది సెప్పేది ఫోటోలు సూసిందానికంటే కష్టమాయె.

లెక్కలు కలిసినాయి. కీర్తన ఆ మాట సెప్పను కొట్టంలోకి పరిగెత్తుకోని వచ్చింది. మూడువందల అరవైలో పదకొండు ఫోటోల్లో తప్ప మా ఇద్దరి అంకెలూ ఒగటే, ఆ పదకొండులోనూ ఒగ సుడి తేడా. కంప్యూటరు లెక్కా దాంతో సరిపోయింది. మొదటి తూరి నా లెక్క యాడ తక్కువ పడిందో అప్పుడు సెప్పింది. బిరిక్కిన సల్లార్చిన వాటిల్లో సుడులు కిక్కిరిసి ఉంటాయి, జోడ్లూ ఆడే ఎక్కువ. ఆ లెక్క పట్టుకోనుంటే, బిరిక్కిన సల్లార్చినా సుడులు పెద్దగా పెరగవని జవాబు వచ్చుండేదంట. పాప కనుక్కున్నదంతా తిరగబడిపోయేదంట.

జూన్ ఇరవై ఎనిమిదిన పంపింది. ఆగస్టులో ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది.

ఆ నెలలోనే కుప్పంలో ఒగ కాలేజీకి కీర్తనను పిలిసినారు. ఆడ ఫిజిక్సు సెప్పే నవీన్ సార్, పిల్లోళ్ళకు నీ పని గురించి తెలుగులో సెప్పమ్మా అని అడిగినాడంట. నేనూ చౌడమ్మా గూడా పోయినాం. ఆమె పట్టుచీర కట్టె, నేను ఇస్త్రీ పంచె కట్టినా. ఎనక వరసలో కూసున్నాం. రెండువందల మంది పిల్లోళ్ళు ఉండారు. పాప గాజుగది బొమ్మ సూపించింది, సల్లార్చేది సెప్పింది, మంద తిరుక్కునేది సెప్పింది. నాకు సెప్పినట్టే సెప్పింది, ఒగ ముక్క గూడా తగ్గించలా. పిల్లోళ్ళు నోరు తెరుసుకోని వింటాండారు. నా బిడ్డ అట్లా నిలబడి మాట్లాడతాంటే, మా ఇంట్లో సంతలకు, కూలి పనులకు పోయిన తరాలన్నీ వచ్చి ఆ వరసల్లో కూసున్నట్టనిపించింది.

తర్వాత గోడ మీద ఒగ ఫోటో పడింది. దాంట్లో పక్కపక్కనుండే రెండు సుక్కల సుట్టూ ఎర్రగీత.

"ఈ ఫోటోలు లెక్క పెట్టినోళ్ళలో ఒకాయన పేరు ఆదెప్ప. పుంగనూరు సంతలో గొడ్లకు సుడి చూస్తాడు," అనె కీర్తన. "ఇట్లాంటి రెంటిని ఆయన ఒకటిగా లెక్క పెట్టినాడు. మొదటి లెక్క మొత్తం తప్పిపోయింది. ఆయనే కనుక్కోని చెప్పినాడు. అది కూడా పత్రికలో రాసినాం. ఆయన మా నాయన."

పిల్లోళ్ళు నవ్వినారు. కొందరు వెనక్కి తిరిగి సూసినారు. చౌడమ్మ నా మోసెయ్యి పట్టుకోని, "అంతమంది ముందర సెప్పేసింది సూడు," అనె మెల్లిగా.

"సెప్పనీ," అంటిని.

నవీన్ సార్ లేసి, రెండో లెక్క ఒక్కటే సూపించింటే సరిపోయేది కదమ్మా అని అడిగినాడు. "మొదటిది కూడా జరిగింది కదా సార్," అనె పాప. అంతే సెప్పి తర్వాత బొమ్మకు పోయింది.

అయిపోయినాక ఆయన మా తావకు వచ్చి నా సెయ్యి పట్టుకున్నాడు. సదువుకున్నోడు, మంచోడు. నన్ను ఓదార్సను వచ్చినట్టుండె. "పెద్దాయనా, మీ అమ్మాయి ఇందరి ముందర మీ తప్పు చెప్పేసింది. మనసుకు కష్టం అనిపించలేదా?" అనె.

"సార్, నేను ముప్పై ఏండ్లు సంతలో ఉండా," అంటిని. "సొంతోళ్ళ గొడ్డుకు కంటి కింద సుడి ఉంటే, కొనేటోడు దగ్గరికి వచ్చినప్పుడు ఆ దోషం కనపడకుండా అరిసెయ్యి అడ్డం పెట్టి నిమురుతా నిలబడేటోళ్ళను శానామందిని సూసినా. నేనూ పెట్టినా, ఒగ తూరి, మా బామ్మర్ది ఎద్దుకు. కొన్నోడు మాలాంటి బీదోడే. నా బిడ్డ సొంత నాయనకు గూడా సెయ్యి అడ్డం పెట్టలా."